నూలుపై లెక్క: పుట్టపాక రూపకర్తలు

కాగితముపై బొమ్మ వేయువాడు గీత తప్పినచో చెరిపి మరల గీయగలడు. నల్లగొండ సీమలోని చిటికి నేతగానికి ఆ వెసులుబాటు లేదు. వస్త్రము పుట్టకముందే, విడి పోగులపై ఎచ్చట ఎరుపు రావలెనో, ఎచ్చట తెలుపు నిలువవలెనో లెక్కించి, కట్లు కట్టి, రంగులో ముంచవలెను. తేలియా రుమాలునకైతే పడుగు, పేక రెంటికిని కట్లే. మగ్గముపై ఆ రెండును కలిసినచోటనే బొమ్మ తేలును. చేతికంటె ముందు మనస్సు చేయవలసిన పని ఇది. వయస్సు మళ్ళిన రూపకర్తకు ఈ వృత్తిలో గౌరవము తగ్గకపోవుటకు ఇదియే కారణమని మేము తలంతుము.

తేలియా తొలుత చీరాలది. నూలును నూనెతోను, ఆముదపుకాయల పొట్టు కాల్చిన బూడిదతోను దినముల తరబడి నానబెట్టి ఆరవేయుదురు; ఆ నూనెవలననే ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు, ఇంతే రంగులు. బెస్తలును, పశులకాపరులును తలకు చుట్టుకొనిరి. అరబ్బు దేశములకు ఓడలపై పోయినది. ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమునకు ఆ గిరాకి సన్నగిల్లినది. కొనువారు లేని గుడ్డలో ఆరితేరినవాడు ఏమి చేయవలెను?

పుట్టపాక (నాడు నల్లగొండ జిల్లా, 2016 నుండి యాదాద్రి భువనగిరి) చేసినది ఇది: లెక్కను నిలుపుకొని, గుడ్డ స్వరూపమును మార్చినది. రుమాలులోని చతురస్రములు చీరపైకి, దుపట్టాపైకి ఎక్కినవి. దశాబ్దముల కృషి పిమ్మట గజం గోవర్ధనకు 2011లోను, గజం అంజయ్యకు 2013లోను పద్మశ్రీ లభించినది. తేలియాకు భౌగోళిక గుర్తింపు 2020లో వచ్చినది. సన్మానములు ఎప్పుడును ఆలస్యముగనే వచ్చును గదా!

మనస్సు ముదియకున్నను భుజములు ముదియును. ఆ భారము మోసినది ఇంటి స్త్రీలు. ఒక్క చీరకు ఆసు పోయుటకు చేయి సుమారు 9,000 మార్లు అటునిటు ఆడవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడు బాధ చూచి, 1999లో ఆసు యంత్రము సిద్ధపరచి, ఆమె పేరే దానికి పెట్టెను. బిరుదులు పొందిన నమూనాలకంటె ఈ యంత్రము తక్కువది కాదు.

ఇక అచ్చు గుడ్డల బెడద కలదు. పోచంపల్లికి 2005లోనే గుర్తింపు వచ్చినను, ఆ బొమ్మలనే అచ్చొత్తి చౌకగా అమ్మువారు మానలేదు. కొనుటకు పోవు శ్రోతలు గుడ్డను వెనుకకు త్రిప్పి చూతురుగాక. అచ్చు గుడ్డకు సాధారణముగా వెనుక రంగు వెలవెలబోవును. చిటికి వస్త్రమునకు ఇరుప్రక్కలను ఒకే నిగారింపు, బొమ్మ అంచున సన్నని చెదరిక.