ఏ గడప దగ్గర ఏ పాస్‌పోర్టు?

1946లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక పెద్ద దుకాణానికి వెళ్ళిన మాజీ అమెరికన్ సైనికుడొకరు అక్కడ సామాను కొంటున్న యువకుణ్ణి గుర్తుపట్టాడు. యుద్ధకాలంలో జపాన్‌లోని ఓయెయామా నికెల్ గని శిబిరంలో అమెరికన్ యుద్ధఖైదీలను కొట్టి హింసించిన దుబాసీ అతనే. పేరు తొమోయా కవకితా. కాలిఫోర్నియాలోని కలెక్సికోలో జపనీయుల ఇంట పుట్టాడు. పుట్టిన నేలను బట్టి అమెరికా పౌరుడు, తల్లిదండ్రులను బట్టి జపాన్ పౌరుడు. 1939లో అమెరికా పాస్‌పోర్టు మీద జపాన్ వెళ్ళాడు. యుద్ధం సాగుతుండగా 1943లో అక్కడి కుటుంబ రిజిస్టరులో పేరు రాయించుకున్నాడు. జపాన్ పాస్‌పోర్టు పట్టుకుని చైనా వెళ్ళివచ్చాడు. జపాన్ ఓడిపోయాక యొకొహామాలోని అమెరికా కాన్సులేటుకు వెళ్ళి, తాను అమెరికా పౌరుణ్ణేనని చెప్పి, మళ్ళీ అమెరికా పాస్‌పోర్టు తీసుకుని తిరిగొచ్చాడు.

దేశద్రోహం కింద విచారించి మరణశిక్ష వేశారు. జపాన్ రిజిస్టరులో పేరు ఎక్కించుకున్ననాడే అమెరికా పౌరసత్వం పోయిందని తాను నమ్మాననీ, పౌరుణ్ణే కానప్పుడు ద్రోహం ఎలా అవుతుందనీ అతని వాదన. 1952లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు చీలి ఆ వాదనను తోసిపుచ్చింది. రెండు పౌరసత్వాలు ఉండటం చట్టానికి కొత్త కాదు. రెండో దేశపు హక్కులు వాడుకున్నంత మాత్రాన మొదటి దేశపు బాధ్యత తొలగిపోదు అన్నది మెజారిటీ తీర్పు సారం. మరుసటి ఏడాది అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. 1963లో కెనడీ, మళ్ళీ అమెరికాలో అడుగుపెట్టకూడదన్న షరతు మీద అతణ్ణి విడుదల చేసి జపాన్‌కు పంపించేశారు.

రెండు పాస్‌పోర్టులున్నవాళ్ళు ప్రయాణంలో ఏది చూపాలన్నది ఇవాళ ట్రావెల్ ఏజెంటును అడిగి తెలుసుకునే చిన్న సంగతి. జవాబు కూడా చిన్నదే: ఏ దేశపు పౌరులో ఆ దేశంలోకి ఆ దేశపు పాస్‌పోర్టు మీదే వెళ్ళాలి, దాని మీదే బయటికి రావాలి, మూడో దేశంలో ఏది వీలైతే అది. ఈ నియమం వెనక మాత్రం రెండు వందల ఏళ్ళ తగాదా ఉంది. అది ప్రయాణికుడి సౌకర్యం కోసం పుట్టింది కాదు. ‘ఈ మనిషి నావాడు’ అని ఇద్దరు రాజులు ఒకేసారి అంటే ఏం చెయ్యాలన్న చిక్కులోంచి పుట్టింది.

పాత ఇంగ్లండు సిద్ధాంతం ప్రకారం పుట్టుకతో వచ్చిన రాజభక్తి చచ్చేదాకా వదలదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ నౌకాదళం నడిసముద్రంలో అమెరికన్ ఓడలను ఆపి, బ్రిటన్‌లో పుట్టి అమెరికా పౌరులైన నావికులను పట్టుకుపోయి తన యుద్ధనౌకల్లో పనికి పెట్టేది. వాళ్ళు చూపిన అమెరికా పౌరసత్వ కాగితాలకు విలువ లేదు. 1812లో రెండు దేశాల మధ్య యుద్ధం రావడానికి ఇదొక ముఖ్య కారణం. పౌరసత్వం వదులుకోవడం మనిషి సహజ హక్కు అని అమెరికా 1868లో చట్టం చేసింది. అదే ఏడాది ఉత్తర జర్మన్ సమాఖ్యతో ఒప్పందం కుదుర్చుకుంది. 1870లో బ్రిటన్ కూడా దిగివచ్చి, వేరే దేశపు పౌరుడైనవాడు తన ప్రజ కాడని ఒప్పుకుంది. అంటే ఆ కాలం కనిపెట్టిన పరిష్కారం ఒక్కటే: ఒకటి పట్టుకుంటే మరొకటి వదలాలి.

అప్పటికి పాస్‌పోర్టు అంత పెద్ద వస్తువు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా యూరప్‌లో చాలా సరిహద్దులను అది లేకుండానే దాటేవారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళిన తెలుగు కూలీలకు దాని అవసరమే రాలేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. యుద్ధంతో గూఢచారుల భయం వచ్చింది, ఫొటో అంటించిన పుస్తకం వచ్చింది, యుద్ధం అయిపోయాక కూడా ఆ పుస్తకం పోలేదు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి దానికొక నమూనా ఖాయం చేసింది. ఆ ఏడాదే ఇండియాలోకి వచ్చేవారికి పాస్‌పోర్టు అడిగే చట్టం ఢిల్లీ చేసింది. తాత్కాలికం అన్న పేరుతో వచ్చి స్థిరపడిపోయిన ప్రభుత్వ కాగితాల్లో దీనికి సాటి వచ్చేది నాకు కనిపించదు.

పుస్తకం చేతికొచ్చాక ప్రశ్న మారింది. ఒకే మనిషి దగ్గర రెండు పుస్తకాలుంటే? దీనికి ఒక ఆనవాలు ఆ పుస్తకం రాకముందే కనిపిస్తుంది: 1912లో హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానం చెప్పిన కనెవారో తీర్పు. రఫాయెల్ కనెవారో పెరూలో పుట్టాడు కాబట్టి పెరూ పౌరుడు, తండ్రి ఇటాలియన్ కాబట్టి ఇటలీ పౌరుడు. పెరూ ప్రభుత్వం బాకీ పడిన సొమ్ము కోసం అతని తరఫున ఇటలీ దావా వేసింది. న్యాయమూర్తులు అతని పుట్టుకను కాక నడతను చూశారు. పెరూ పౌరులు తప్ప నిలబడకూడని సెనేట్ ఎన్నికలో అతను పోటీ చేశాడు. నెదర్లాండ్స్‌కు కాన్సుల్ జనరల్‌గా ఉండటానికి పెరూ అనుమతి అడిగాడు. ఇన్నాళ్ళూ పెరూ మనిషిలా మసలి, డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఇటలీవాణ్ణంటే కుదరదన్నారు.

1930లో అదే హేగ్‌లో పౌరసత్వ చట్టాల వైరుధ్యం మీద ఒక ఒప్పందం తయారైంది. బ్రిటిష్ ఇండియా కూడా అందులో చేరింది. ప్రతి మనిషికీ ఒక పౌరసత్వం ఉండాలి, ఒక్కటే ఉండాలి అన్న ఆశతో దాని పీఠిక మొదలవుతుంది. ఆ ఆశ నెరవేరలేదు గానీ, అది నెరవేరేదాకా సర్దుకోవడానికి రాసుకున్న మూడు అధికరణాలు మాత్రం నిలిచాయి. రెండు పౌరసత్వాలున్న మనిషిని రెండు దేశాల్లో దేనికదే తన పౌరుడిగా చూడవచ్చు. ఆ రెండింటిలో ఒక దేశంలో అతను చిక్కుకుంటే, రెండో దేశం రాయబారం నడపడానికి వీల్లేదు. మూడో దేశం మాత్రం అతనికి ఒకే పౌరసత్వం ఉన్నట్టు లెక్కించాలి. అతను మామూలుగా ఉండే దేశాన్నో, ఎక్కువ సంబంధమున్న దేశాన్నో చూసి ఆ ఒకటేదో తేల్చుకోవాలి. విమానాశ్రయంలో ఇవాళ మనం పాటించే పద్ధతి చాలావరకు ఈ మూడింటి నీడే.

రెండో అధికరణం కాటు ఎంత గట్టిదో ఇరాన్ చూపించింది. ఇరాన్ తన పౌరుడి రెండో పౌరసత్వాన్ని గుర్తించదు. ఇరానియన్ ఇరానియన్ పాస్‌పోర్టు మీదే రావాలి. బ్రిటిష్-ఇరానియన్ అయిన నజానిన్ జఘారీ-రాట్‌క్లిఫ్‌ను 2016 ఏప్రిల్‌లో టెహ్రాన్ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. బ్రిటన్ 2019లో ఆమెకు అధికారికంగా దౌత్య రక్షణ ప్రకటించింది. ఆమె తమ పౌరురాలు, మీకు సంబంధం లేదన్నది ఇరాన్ జవాబు. ఆమె ఇల్లు చేరింది 2022 మార్చిలో. సూట్‌కేసులో రెండో పాస్‌పోర్టు ఉంటే ఆపదలో కాపాడుతుందని చాలామందికి ధీమా. మొదటి దేశపు గడ్డ మీద అది ఉత్త పుస్తకం.

మూడో అధికరణాన్ని యూరప్ తలకిందులు చేసింది. మారియో మికెలెట్టి అర్జెంటీనా, ఇటలీ పౌరసత్వాలున్న దంతవైద్యుడు. ఇటలీ పాస్‌పోర్టు చూపి స్పెయిన్‌లో స్థిరపడి ప్రాక్టీసు పెట్టుకుంటానన్నాడు. స్పెయిన్ చట్టం అతను అప్పటిదాకా నివసించిన దేశం ఏదని చూసి, అర్జెంటీనావాడివి పొమ్మంది. 1992లో యూరోపియన్ న్యాయస్థానం స్పెయిన్‌ను తప్పుపట్టింది. సభ్యదేశమొకటి ఇచ్చిన పౌరసత్వం చేతిలో ఉంటే చాలు, దాని లోతు కొలిచే అధికారం ఇంకో సభ్యదేశానికి లేదంది. మూడో దేశంలో ఏ పాస్‌పోర్టు చూపాలో ప్రయాణికుడే ఎంచుకోవచ్చన్న నేటి స్వేచ్ఛకు ఇంత స్పష్టమైన తీర్పు మరొకటి లేదు. అయితే ఎంచుకున్నాక మాట మార్చకూడదు. ఏ పుస్తకం మీద లోపలికి వెళ్ళారో దాని మీదే బయటికి రావాలి. లేకపోతే లోపలికి వచ్చినవాడు వెళ్ళనే లేదని కంప్యూటర్ లెక్క చెబుతుంది.

అమెరికా కథ వేరే దారిలో నడిచింది. పౌరులు అమెరికా పాస్‌పోర్టు లేకుండా దేశం దాటకూడదన్న నిబంధన ముందు యుద్ధకాలానికే పరిమితం. 1952 వలస చట్టంలోకి అది యుద్ధం, అత్యవసర పరిస్థితి అన్న షరతులతోనే ఎక్కింది. 1978లో ఆ షరతులు తీసేసి ఎల్లకాలానికీ వర్తింపజేశారు. ఈలోగా 1967లో, ఇజ్రాయెల్ ఎన్నికల్లో ఓటేశాడని పౌరసత్వం పోగొట్టుకున్న బేస్ అఫ్రోయిమ్ కేసులో, మనిషి తనంతట తాను వదులుకుంటే తప్ప పౌరసత్వాన్ని ప్రభుత్వం లాక్కోలేదని సుప్రీంకోర్టు తేల్చింది. రెండో పౌరసత్వానికి తలుపు అలా తెరుచుకుంది, పాస్‌పోర్టు నిబంధన మాత్రం పట్టు బిగించింది. కెనడా 1977లో, ఆస్ట్రేలియా 2002లో, జర్మనీ 2024లో రెండో పౌరసత్వానికి ఒప్పుకున్నాయి. ఇలా ఒప్పుకున్న దేశాలే, మా గుమ్మంలోకి మా పుస్తకం పట్టుకునే రండని గట్టిగా అడగడం మొదలుపెట్టాయి.

ఈ అడగడం ఇప్పుడు ఇమిగ్రేషన్ అధికారి చేసే పని కాదు. వీసా లేనివాణ్ణి ఎక్కించుకొస్తే జరిమానా విమాన సంస్థకు పడుతుంది కాబట్టి, తనిఖీ బయలుదేరే ఊరి చెక్-ఇన్ కౌంటరుకు జరిగిపోయింది. ఎలక్ట్రానిక్ ముందస్తు అనుమతులు వచ్చాక ఇది ఇంకా బిగిసింది. సొంత పౌరుడికి ఏ దేశమూ ఆ అనుమతి ఇవ్వదు. విదేశీ పాస్‌పోర్టులో అనుమతి లేకపోతే విమానం ఎక్కనివ్వరు. 2016 నవంబరు నుంచి కెనడా తన ద్వంద్వ పౌరులు విమానమెక్కాలంటే కెనడా పాస్‌పోర్టు చూపాలంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్న కెనడియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. బ్రిటన్ 2026 ఫిబ్రవరి 25 నుంచి ఇదే బాట పట్టింది: బ్రిటిష్ పాస్‌పోర్టైనా ఉండాలి, రెండో దేశపు పాస్‌పోర్టులో నివాసహక్కు ధ్రువపత్రమైనా ఉండాలి. అందుకే రెండు పుస్తకాలున్నవాళ్ళు ఒకే ప్రయాణంలో రెండూ తీస్తారు. దేశం వదిలేటప్పుడు అక్కడి అధికారికి అక్కడిది, విమాన సంస్థకు దిగబోయే దేశానిది. ఇందులో దాపరికమేమీ లేదు. రెండింటిలో పేరు రెండు రకాలుగా ఉంటేనే చిక్కు. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉండే మనవాళ్ళకు ఇది బాగా తెలుసు.

మనవాళ్ళ సంగతికి వస్తే ఇండియా మొదటినుంచీ 1870 నాటి పరిష్కారం దగ్గరే నిలబడింది. వేరే దేశపు పౌరసత్వాన్ని ఇష్టపూర్వకంగా తీసుకున్నవాడు భారత పౌరుడు కాడని రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతున్నాయి. 1956 నియమాలు ఇంకో అడుగు ముందుకేసి, విదేశీ పాస్‌పోర్టు తీసుకోవడమే దానికి తిరుగులేని రుజువన్నాయి. ఆ మాట అమెరికా వెళ్ళినవాళ్ళను ఉద్దేశించింది కాదు. విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి, అక్కడి పాస్‌పోర్టు మీద ఇల్లు చూసుకోవడానికి తిరిగొచ్చిన మనుషులను ఉద్దేశించింది. అలాంటి ఒకరిని విదేశీయుడిగా శిక్షించాలన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కేసు, అబ్దుల్ ఖాదర్ కేసుగా, 1961లో సుప్రీంకోర్టుకు చేరింది. పౌరసత్వం పోయిందా లేదా అన్నది కేంద్రమే తేల్చాలి, పోలీసులు కాదని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది ఇజార్ అహ్మద్ ఖాన్ కేసులో ‘తిరుగులేని రుజువు’ నియమాన్ని మెజారిటీ సమర్థించింది. 1965లో మద్రాసు నుంచి వచ్చిన అయూబ్ ఖాన్ కేసులో మాత్రం, ఆ పాస్‌పోర్టు బలవంతం మీద తీసుకున్నానని మనిషి అంటే విచారించి తీరాలంది. చెల్లాచెదురైన కుటుంబాల కోసం నడిచిన ఈ కేసులే ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పౌరసత్వ ప్రమాణం చేసి వచ్చిన తెలుగు ఇంజనీరుకూ ఆధారం. ఆ రోజుతో అతని భారత పాస్‌పోర్టు చెల్లదు. గడువు ఇంకా ఉంది కదా అని దాని మీద హైదరాబాదులో దిగితే నేరం. అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

ప్రవాసులు ద్వంద్వ పౌరసత్వం అడిగారు, వాళ్ళకు దొరికింది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్‌షిప్ ఆఫ్ ఇండియా) కార్డు. ఎల్.ఎం. సింఘ్వీ కమిటీ 2002లో సిఫారసు చేసింది. 2003 సవరణ 16 దేశాలకు, 2005 సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్ తప్ప మిగతా దేశాలకు దారి తీసింది. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో మన్మోహన్ సింగ్ తొలి కార్డులు అందించారు. దాని పేరులో సిటిజన్‌షిప్ ఉంది గానీ ఓటు లేదు, పొలం కొనే హక్కు లేదు. అది జీవితకాలపు వీసా మాత్రమే. దాని పక్కన విదేశీ పాస్‌పోర్టు ఉండి తీరాలి. పేరు వల్ల ఎంతమంది మోసపోయారో రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర అడిగితే తెలుస్తుంది.

ఇన్ని తలుపులు మూశాక కూడా చట్టంలో ఒక సందు మిగిలింది. హెచ్-1బి మీద ఉన్న భారతీయ దంపతులకు అమెరికాలో బిడ్డ పుడితే, ఏడాదిలోగా భారత కాన్సులేటులో నమోదు చేసి ఆ బిడ్డను భారత పౌరుణ్ణి చెయ్యవచ్చు. పుట్టుకతో అమెరికా పౌరసత్వం కూడా ఉంటుంది. మేజరైన ఆరు నెలల్లో రెండోది వదలకపోతే భారత పౌరసత్వం పోతుందని నాలుగో సెక్షన్ అంటుంది, అంటే పద్దెనిమిదేళ్ళపాటు రెండూ ఉండవచ్చని అదే ఒప్పుకుంటోంది. కానీ నమోదు చేసేటప్పుడు, బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. అటు అమెరికా చట్టమేమో తన పౌరుడు తన పాస్‌పోర్టు మీదే దేశం దాటాలంటుంది. రెండు దేశాలూ నావాడే అన్న ఆ పసివాణ్ణి ఎత్తుకుని అమ్మమ్మ ఊరికి బయలుదేరాలంటే ఒకరి మాట కాదనక తప్పదు. చాలామంది తల్లిదండ్రులు అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు తీసుకుని టికెట్లు కొనుక్కుంటున్నారు.