ఎక్కినదెచ్చట? దిగినదెచ్చట?

రైలు ప్రయాణమునందు ప్రయాణికునకును, రైలు నడపు సంస్థకును నడుమ తీరవలసిన లెక్క నిజమునకు ఒక్కటే. ఈ మనిషి ఎచ్చట ఎక్కెను? ఎచ్చట దిగెను? ఈ రెండు ప్రశ్నలకు నమ్మదగిన సమాధానము దొరికినచో ఛార్జీ నిర్ణయమగును; వచ్చిన సొమ్ము న్యాయముగా పంపకమగును; ఏ వేళకు ఎన్ని పెట్టెలు తగిలింపవలెనో తెలియును. దాదాపు రెండు వందల సంవత్సరములుగా ఈ ప్రశ్నలకు సాక్షి మాత్రము మారుచు వచ్చినది. మొదట గుమాస్తా పుస్తకము, పిదప అట్టముక్క, ఆ పిదప స్టేషను ద్వారము, నేడు జేబులోని స్మార్టుఫోను. ఆ సాక్షుల చరిత్రను శ్రోతలకు మనవి చేయ నుద్దేశించితిమి.

1830 సెప్టెంబరు 15న ఇంగ్లండులో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ రైలుమార్గము ప్రారంభమైనది. ఆనాటి టిక్కెట్టు పద్ధతి గుఱ్ఱపుబండ్ల నుండి అరువు తెచ్చుకొన్నది. గుమాస్తా ఒక్కొక్కరికి కాగితము మీద చేతితో వ్రాసి యిచ్చెడివాడు. కొద్దిమంది కూర్చుండు గుఱ్ఱపుబండికి అది చాలినది గాని, వందల మంది మూగిన రైలుకు చాలలేదు. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. గుమాస్తా చేతిలో పడిన సొమ్మెంత, అతడు కంపెనీకి కట్టిన సొమ్మెంత అని సరిచూచుటకు నికరమైన మార్గము లేకపోయెను.

ఈ చిక్కును విప్పినవాడు పేరుమోసిన ఇంజనీరు కాడు. థామస్ ఎడ్మండ్‌సన్ 1792లో లాంకాస్టరులో జన్మించిన వడ్రంగి. వ్యాపారమున దివాలా తీసి, 1836లో న్యూకాజిల్–కార్లైల్ రైలుమార్గమున మిల్టన్ అను చిన్న స్టేషనులో ఉద్యోగమున చేరెను. ఆయన చిన్న అట్టముక్కల మీద ఊరిపేర్లను ముందే అచ్చువేయించి, ఒక్కొక్క దానికి వరుస సంఖ్య నిచ్చెను. తేదీ గుద్దుటకు ఒక యంత్రమును గూడ కల్పించెను. ఉదయము గూటిలోని మొదటి టిక్కెట్టు సంఖ్య ఎంత, రాత్రికి ఎంత? ఆ రెంటి భేదమే ఆనాటి అమ్మకము. గుమాస్తా నిజాయితీని ఇక ఎవ్వరును శంకింపనక్కరలేదు. ప్రయాణికుడు డబ్బిచ్చితినని ఒట్టు పెట్టుకొననక్కరలేదు. ఈ పద్ధతిని వాడుకొన్న కంపెనీల నుండి ఆయన మైలు ఒక్కింటికి ఏడాదికి 10 షిల్లింగుల చొప్పున పుచ్చుకొనెను.

1842లో లండనున రైల్వే క్లియరింగ్ హౌస్ అను లెక్కల సంస్థ ఏర్పడెను. ఒకే ప్రయాణికుడు రెండు మూడు కంపెనీల మార్గములపై పోయినప్పుడు ఛార్జీలో ఎవరి వాటా ఎంతయో తేల్చుట దాని పని. అట్ట టిక్కెట్టు సముద్రములు దాటి మన దేశమునకును వచ్చినది. కంప్యూటరు టిక్కెట్లు వ్యాపించువరకు మన తెలుగు స్టేషనులలోను అదియే చెల్లినది. కిటికీ వెనుక తేదీ పడునప్పటి ‘టక్కు’మను చప్పుడు పెద్దలకు నేటికిని చెవులలో నున్నది.

అయితే ఆ అట్టముక్కకు ఒక లోపము కలదు. అది ప్రయాణికుని సంకల్పమును చెప్పును గాని, ప్రయాణమును చెప్పదు. విజయవాడకు టిక్కెట్టు కొన్నవాడు ఏలూరులోనే దిగిపోయినను అట్టముక్కకు తెలియదు. ఈ లోపమును పూరించుటకు స్టేషను ద్వారమునే సాక్షిగా నిలిపిరి. 1967లో జపానున ఒసాకా సమీపమందలి కిటాసెన్రి స్టేషనున టిక్కెట్టును చదువగల యంత్రద్వారములు వెలసినవి. 1997లో హాంకాంగున, 2003లో లండనున తాకించిన మాత్రమున లెక్క చూచు కార్డులు వచ్చినవి. 2017 నవంబరులో తెరచిన హైదరాబాదు మెట్రోలో ప్రయాణికుడు లోనికి పోవునప్పుడును, వెలుపలికి వచ్చునప్పుడును ద్వారమునకు సాక్ష్య మిచ్చుట ఈ వంశమునకు చెందినదే.

మరి ద్వారములే లేని దేశములందు? స్విట్జర్లండు, జర్మనీ దేశములలో సాధారణ స్టేషనులకు ఆవరణ లేదు. ఎవరైనను నేరుగా బండి యెక్కవచ్చును. తనిఖీదారు నడుమ వచ్చి చూచును. వేలకొలది చిన్న స్టేషనులకు ద్వారములు కట్టుట తలకు మించిన వ్యయము. కావున ద్వారమును ప్రయాణికుని జేబులోనికి మార్చు ప్రయత్నములు జరిగినవి. జర్మను రైల్వే 2008లో ‘టచ్ అండ్ ట్రావెల్’ అను పేర, ఎక్కుచోట, దిగుచోట ఫోనును తాకించు పద్ధతిని ప్రయోగించి, 2016లో విరమించుకొన్నది. ఆ 2016లోనే స్విట్జర్లండున ‘ఫెయిర్‌టిక్’ వచ్చినది. ఎక్కుటకు ముందు ఫోను తెఱపై వ్రేలితో ఒకసారి జరుపవలెను. దిగిన పిదప మరల జరుపవలెను. నడుమ ప్రయాణించిన దారిని బట్టి ఛార్జీ తేలును.

ఇందు మనుష్య స్వభావము అడ్డు వచ్చినది. ఎక్కునప్పుడు అందరికిని జ్ఞాపకముండును. దిగునప్పుడు సామాను, పిల్లలు, ఇంటి తొందర. మరచిపోయినచో ఛార్జీ పెరుగుచునే యుండును. మరికొందరు తనిఖీదారు కనబడిన పిదపనే వ్రేలు జరుపుదురు. మరపునకును, మాయకును విరుగుడు ఒక్కటే: ఎక్కుటను, దిగుటను ఫోను తనంతట తానే గ్రహింపవలెను.

ఫోనునకు ఆ శక్తి ఎచ్చటిది? దానిలో గోరంత త్వరణమాపకము కలదు. 1990ల మొదటి భాగమున మోటారుకారు ఢీకొనిన క్షణమును పసిగట్టి గాలిసంచిని తెరచుటకు వాడుకలోనికి వచ్చిన పరికరమే, 2007 నాటి ఐఫోను మొదలు స్మార్టుఫోనులలో సామాన్యమైనది. మనిషి నడచునప్పుడు సెకనుకు ఇంచుమించు రెండు అడుగుల చొప్పున తాళము వేసినట్లు కుదుపు పుట్టును. బండి యెక్కి కూర్చున్నంతనే ఆ తాళము ఆగును. పిదప బండి కదలును. వేగము పలు సెకనులపాటు ఒకే దిక్కునకు మెల్లగా పెరుగును. స్టేషను వచ్చినప్పుడు అట్లే తగ్గును. నిశ్చలత తరువాత మరల అడుగుల తాళము వినబడెనా, దిగినాడన్నమాట. 2013లో హెల్సింకి పరిశోధకులు ఈ కుదుపుల తీరును బట్టియే బస్సు, కారు, ట్రాము, రైళ్లను వేరుపరచు విధానమును ప్రకటించిరి. దీనికి తోడు ఉపగ్రహముల వలన స్థలము, బ్లూటూత్ దీపస్తంభముల వలన స్టేషను పేరు తెలియును. 2024లో డెన్మార్కున వచ్చిన ‘రైసెకోర్ట్’ ఫోను పద్ధతిలో, దిగినవాడు మరచినను ఫోను తానే ప్రయాణమును ముగించు ఏర్పాటు గలదు.

అయినను ఈ సాక్షి తప్పు చెప్పకపోదు. రైలుకట్ట ప్రక్కనే రాజమార్గము సాగుచోట రైలేదో కారేదో తడబడును. సొరంగమున ఉపగ్రహము అందదు. బ్యాటరీ తీరినచో సాక్షి మూగవోవును. కిక్కిరిసిన పెట్టెలో ఒక స్టేషనున తలుపు దగ్గర దిగి, దారి యిచ్చి, మరల ఎక్కిన వానిని చూచి, ప్రయాణము ముగిసినదని భ్రమించును.

మా మనవి ఈ తావుననే యున్నది. ఎడ్మండ్‌సన్ అట్టముక్క గొప్పతనము దాని వరుససంఖ్యలో మాత్రమే లేదు. సంఖ్య కంపెనీ లెక్కలో నుండెను. అట్టముక్క ప్రయాణికుని చేతిలో నుండెను. తగవు వచ్చినప్పుడు సాక్ష్యము ఇరువురి యొద్దను ఉండెడిది. ఫోను సాక్ష్యము అట్లు కాదు. కుదుపులను చదివి, ‘వీడు ఇచ్చట దిగినాడు’ అని తీర్పు చెప్పునది సంస్థ వ్రాయించిన లెక్కసూత్రము. ఆ తీర్పును సామాన్యుడు విప్పి చూడలేడు. పైగా ఛార్జీకొఱకు చూచిన అడుగులు, ఆ మనిషి దినచర్యను సైతము చూపును. 2016లో లండను రవాణాసంస్థ 54 స్టేషనులలో నాలుగు వారములపాటు ఫోనుల వైఫై జాడలను బట్టి ప్రయాణికుల దారులను పరిశీలించినప్పుడు, ఆ సంగతిని స్టేషనులలో ప్రకటించి, గుర్తులను మరుగుపరచవలసి వచ్చెను.

కావున కొత్త సాక్షిని వలదనుట మా ఉద్దేశము కాదు. మరపు వలన కలుగు నష్టమును అది తొలగించును. రద్దీ తెలిసి పెట్టెలు పెంచుటకు తోడ్పడును. అయితే ఎచ్చట ఎక్కినట్లు, ఎచ్చట దిగినట్లు గ్రహించినదో ప్రయాణికునకు వెంటనే తేటగా చూపవలెను. తప్పైనచో దిద్దించుకొను హక్కు నీయవలెను. పని తీరిన పిదప అడుగుల జాడను చెరిపివేయవలెను. ఫోను లేని ముదుసలికిని, కూలివానికిని టిక్కెట్టు కిటికీ మూయరాదు. దివాలా తీసిన వడ్రంగి అట్టముక్కలో నిలిపిన న్యాయము ఈ నూతన యంత్రములోను నిలిచిననాడే, సాక్షి మారినను లెక్క సరియైనదని మనము చెప్పుకొనవచ్చును.