ఇంటికి సాకెట్ కంటే ముందు వచ్చిన అడాప్టర్

చాలా ఇళ్లకు అడాప్టర్ ముందు వచ్చింది, గోడ సాకెట్ తర్వాత వచ్చింది. వినడానికి తిరకాసుగా ఉన్నా జరిగింది అదే. ఇళ్లలోకి కరెంటు వచ్చింది దీపం కోసం. అప్పట్లో ఇంట్లో ఉండేదల్లా బల్బు హోల్డరే. ఇస్త్రీపెట్టె కొన్నా, టేబుల్ ఫ్యాను కొన్నా బల్బు ఊడదీసి ఆ హోల్డర్‌లోంచే కరెంటు లాక్కోవాలి. హైదరాబాదు చిక్కడపల్లి, నారాయణగూడ పాత ఇళ్లలో పెరిగిన పెద్దవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. పండగొస్తే హోల్డర్‌కు పట్టే నల్లటి ప్లగ్గు ఒకటి బిగించి సీరియల్ లైట్లు వెలిగించేవారు.

అమెరికాలో ఆ పనిని సుళువు చేసినవాడు కనెటికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌కు చెందిన హార్వీ హబ్బెల్. 1904లో ఆయన పేటెంట్ తీసుకున్న ప్లగ్గు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క బల్బులాగే హోల్డర్‌లో తిప్పితే బిగుస్తుంది, రెండోది లాగితే ఊడి వస్తుంది. ఊడ్చేటప్పుడల్లా ఆట యంత్రాల వైర్లు విప్పుకుని, మళ్లీ ఏది ఎక్కడ కలపాలో తెలియక తంటాలు పడుతున్న పనివాణ్ణి చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ కథ బాగుంది. తర్వాతి కాలంలో హబ్బెల్ రెండు చదును రేకుల ప్లగ్గు తెచ్చాడు, మిగతా తయారీదారులూ ఆ దారిలోకే వచ్చారు. అశోక్‌నగర్ నుంచి ఎంఎస్‌కు అమెరికా వెళ్లే కుర్రాడు అక్కడ గోడ మీద చూసే ఆ రెండు సన్నటి గాట్లు అలా వచ్చినవే.

ఇక వోల్టేజీ. 1882లో ఎడిసన్ న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో కరెంటు అమ్మకం మొదలుపెట్టినప్పుడు ఆయన కార్బన్ తీగ దీపాలకు 100 వోల్టుల ప్రాంతం అనుకూలం. దారిలో తీగల్లో పోయేది కూడా కలుపుకుని 110 అన్నాడు. ఓ బల్బు బాగోగులను బట్టి పడ్డ ఆ అంకె ఒక దేశానికే ఆనవాయితీ అయిపోయింది. బెర్లిన్ కరెంటు కంపెనీ మాత్రం 1899లో 220కి మారింది. వోల్టేజీ రెట్టింపైతే అదే పనికి సగం కరెంటు చాలు, తీగల్లో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు పడుతుంది, రాగి మిగులుతుంది. వాడకందార్ల సామాను మార్చడానికయ్యే ఖర్చు కంపెనీయే పెట్టుకుంది. ఆ లెక్క యూరప్‌కంతటికీ నచ్చింది. అమెరికాలో అప్పటికే ఇళ్ల నిండా 110 వోల్టుల సామాను చేరిపోయింది, ఇక కదపలేకపోయారు.

అలాగని అమెరికా ఇంటికి తక్కువ కరెంటు వస్తుందనుకోకూడదు. అక్కడ ఇంటి దాకా వచ్చేది 240 వోల్టులే. దాన్ని రెండుగా చీల్చి మామూలు ప్లగ్గులకు 120 ఇస్తారు. బట్టలారబెట్టే యంత్రానికీ, కరెంటు పొయ్యికీ మాత్రం మొత్తం 240 వెళుతుంది. ఈ చీల్చే పద్ధతికి మూలం 1880లలోని ఎడిసన్ మూడు తీగల ఏర్పాటే.

మన సంగతికొస్తే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ పవర్ స్టేషన్ 1920లో వచ్చింది. చిక్కడపల్లికి అదేమీ పెద్ద దూరం కాదు. ఏలుబడి నిజాముదైనా ప్లగ్గుల కొలతలు ఇంగ్లండువే. మూడు గుండ్రటి పిన్నుల ఆ ప్లగ్గును బ్రిటన్ 1934లో ప్రమాణంగా రాసుకుంది. మనం చిన్నదానికి త్రీ పిన్ అనీ, గీజరుకూ ఏసీకీ వాడే పెద్దదానికి పవర్ ప్లగ్ అనీ పేర్లు పెట్టుకున్నాం. పైన ఉండే ఎర్త్ పిన్ను లావుగా, పొడుగ్గా ఉండేది అందం కోసం కాదు. పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి.

తమాషా ఏమిటంటే, సరిగ్గా 1947లోనే బ్రిటన్ ఆ గుండ్రటి పిన్నులకు వీడ్కోలు పలకడం మొదలుపెట్టింది. యుద్ధం తర్వాత రాగికి కరువు. తక్కువ తీగతో ఇల్లంతా చుట్టివచ్చే వైరింగ్ ఒకటి ఆలోచించారు. దానికి ప్రతి ప్లగ్గులోనూ ఒక ఫ్యూజు కావాలి, అలా దీర్ఘచతురస్రపు పిన్నుల ప్లగ్గు పుట్టింది. వాళ్లు వదిలేసింది మన దగ్గర స్థిరపడింది. కొత్తది గల్ఫ్‌కు వెళ్లింది. అందుకే కరీంనగర్ నుంచి దుబాయ్ వెళ్లేవాళ్లకు వోల్టేజీతో పేచీ లేదు, ప్లగ్గు ఆకారమే తేడా. చిన్న అడాప్టర్ చాలు.

అమెరికా అలా కాదు. ఆరు నెలలుండి రావడానికి కొడుకు దగ్గరికి వెళ్లే తల్లి సూట్‌కేసులో మిక్సీ పెట్టుకుంటే ఆకారమూ తేడాయే, బలమూ తేడాయే. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది తప్ప వోల్టేజీని ముట్టుకోదు. మన 1500 వాట్ల కెటిల్‌ను అడాప్టర్‌తో అక్కడ పెడితే కాలిపోదు, దాదాపు 400 వాట్లకు పడిపోయి టీ నీళ్లకు విసుగు పుట్టిస్తుంది. అక్కడి 120 వోల్టుల కెటిల్‌ను ఇక్కడ పెడితే మూడున్నర రెట్లు దాటి వాట్లు మింగబోయి మాడుతుంది. పెద్ద ప్రమాదం ఈ రెండో దారిలోనే ఉంది.

కన్వర్టర్ కొంటే సరిపోదా? తేలికవీ, చవకవీ ఉంటాయి. అవి కరెంటు అలను ముక్కలుగా కోసి వోల్టేజీ తగ్గించగలవే తప్ప పెంచలేవు, అదీ వేడి చేసే తీగలకే గానీ మోటారుకు పనికిరాదు. మోటారుకు కావలసింది రాగి చుట్టిన అసలు ట్రాన్స్‌ఫార్మరు. మిక్సీకి సరిపడేది మోయడానికి మిక్సీ కంటే బరువు. దాన్ని మోసుకెళ్లినా ఇడ్లీపిండి గ్రైండరుకు ఇంకో మెలిక ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగితే అమెరికాది 60 సార్లు. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మార్చదు. ఇండక్షన్ మోటారున్న గ్రైండరు అక్కడ ఇంచుమించు ఐదో వంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది. మిక్సీ మోటారు వేరే రకం, దానికి ఈ పట్టింపు లేదు. నా మాటగా చెప్పాలంటే ఈ బరువు మోయడం దండగ. 110 వోల్టుల ప్రీతి మిక్సీలూ, అల్ట్రా గ్రైండర్లూ అమెరికాలోనే దొరుకుతున్నాయి, కోయంబత్తూరు రాళ్లు అక్కడా తిరుగుతున్నాయి.

ఫోన్లు, లాప్‌టాప్‌ల దగ్గర ఈ గొడవ ఎప్పుడో తీరింది, తీర్చింది అడాప్టర్ కాదు. పాత చార్జర్లలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. ఇప్పటివి కరెంటును ముందు డీసీ చేసి, సెకనుకు వేలసార్లు ఆపి వదులుతూ కావలసినంతే తీసుకుంటాయి. గోడలో 100 ఉన్నా 240 ఉన్నా వాటికొకటే. చార్జరు మీద చీమతలకాయంత అక్షరాల్లో ఇన్‌పుట్ 100–240 అని ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే కన్వర్టర్ కొనమనే దుకాణదారుకు దణ్ణం పెట్టి బయటికి రావచ్చు.

ప్రపంచానికంతటికీ ఒకే ప్లగ్గు ఉండాలని అంతర్జాతీయ విద్యుత్ సంఘం 1986లో ఒక నమూనా రాసింది. దాన్ని పట్టించుకున్నవి ముఖ్యంగా బ్రెజిల్, దక్షిణాఫ్రికా. గోడ దగ్గర పడని ఏకాభిప్రాయం తీగ రెండో కొస దగ్గర మాత్రం ఎప్పుడో కుదిరింది. లాప్‌టాప్ చార్జరు డబ్బాలోకి దూరే ఆ మూడు గుండ్రటి బొడిపెల మొన హైదరాబాదులో కొన్నా డాలస్‌లో కొన్నా ఒకే కొలత. కాబట్టి చార్జరు ఇక్కడిదే తీసుకెళ్లి, అక్కడ దిగాక గోడకు పెట్టే ఆ మూరెడు తీగ ఒక్కటి కొనుక్కుంటే అడాప్టర్ కూడా అక్కర్లేదు. మొదటి రాత్రికి మాత్రం ఒకటి జేబులో ఉంచుకోవడం మేలు.