కత్తి ఎటు మళ్లింది?

గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప చేలల్లో ‘ఆపరేషన్ అయింది’ అంటే ఎవరికని మళ్లీ అడగనక్కర్లేదు. అది ఆడమనిషికి చేసిన పిల్లల ఆపరేషనే. అయితే మొదట్నుంచీ ఇట్లా లేదు.

కుటుంబ నియంత్రణ 1952లోనే ప్రభుత్వ కార్యక్రమమైంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో సుమారు 62 లక్షలు మగవాళ్లకే. బలవంతం మీద జనం తిరగబడ్డారు. 1977 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం కూలింది. రాజ్యం మాత్రం 1996 దాకా టార్గెట్లు వదల్లేదు, కత్తిని ఆడవాళ్ల వైపు తిప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్లది ఒక్క శాతం కూడా లేదు.

శరీరశాస్త్రం ఈ తేడాను ఒప్పుకోదు. అండం, వీర్యకణం కలిస్తేనే గర్భం. ఆమె అండవాహికలు మూయాలంటే పొట్ట కోయాలి. అతనికి వృషణాల సంచి మీద చిన్న గాటు చాలు. తర్వాత మూడు నెలలు వేరే జాగ్రత్త తీసుకోవాలి. బలం తగ్గదు, మగతనం పోదు. ‘కష్టం చేసే మగోడు, ఆయనకెందుకు’ అంటారు. మరి పొద్దస్తమానం నడుం వంచి మిరపకాయలు కోసేది ఎవరు? కూలి పోతే పూట గడవని దళిత స్త్రీకి విశ్రాంతి ఎక్కడిది?

1995 మే తర్వాత మూడో బిడ్డ పుడితే పంచాయతీకి పోటీ చేయరాదంది 1994 చట్టం. రిజర్వేషన్ సీటున్న దళిత స్త్రీకీ అదే అడ్డం. 2024లో ఆ నిబంధన ఎత్తేశారు. వద్దన్నదీ రాజ్యమే, కనమంటున్నదీ రాజ్యమే. ఎంతమంది, ఎప్పుడు, ఆపరేషన్ ఎవరికి అన్న మాట మాత్రం ఆమె నోట రావాలి.