సహజ సంవర్గమానాల ఆధారం: చక్రవడ్డీ సమస్య నుండి ఆయిలర్ వరకు

సహజ సంవర్గమానాలను ‘నేపియర్ సంవర్గమానాలు’ అని వ్యవహరించడం పాఠ్యగ్రంథాలలో పరిపాటి. ఈ వ్యవహారం చారిత్రకంగా సమంజసం కాదు. 1614లో వెలువడిన జాన్ నేపియర్ పట్టికలలో ‘ఆధారం’ అనే భావనే లేదు. అక్కడ కోటికి సంవర్గమానం సున్న. సంఖ్య తగ్గేకొద్దీ సంవర్గమానం పెరుగుతుంది. నేటి సహజ సంవర్గమానపు నడక ఇందుకు విరుద్ధం.

సహజ సంవర్గమానం రూపుదిద్దుకున్నది జ్యామితిలో. అతిపరావలయం కింది వైశాల్యాలపై 1647లో గ్రెగొరీ ద సెయింట్ విన్సెంట్ ప్రకటించిన ఫలితాలలో సంవర్గమాన ధర్మం ఇమిడి ఉన్నదని 1649లో సరాసా గుర్తించాడు. ‘సహజ’ అనే విశేషణాన్ని 1668లో నికొలాస్ మెర్కేటర్ వాడాడు. అయినా, ఈ వైశాల్యాల వెనుకనున్న ఆధార సంఖ్య ఏదన్న ప్రశ్న అప్పటికి తలెత్తలేదు.

ఆ సంఖ్య మరో దారిన, అప్పుల లెక్కలో ఎదురైంది. వడ్డీని ఏడాది చివర కాక ప్రతిక్షణం అసలులో కలిపితే అప్పు ఎంతవుతుందని 1690లో జాకబ్ బెర్నూలీ విచారించాడు. నూటికి నూరు వడ్డీపై ఒక రూపాయి ఏడాదికి 2 రూపాయలవుతుంది. ఆరు నెలలకొకసారి వడ్డీ కలిపితే 2.25, నెలనెలా కలిపితే సుమారు 2.613, రోజూ కలిపితే సుమారు 2.7146. పెరుగుదల ఆగదు, కాని పెరిగే మొత్తం క్రమంగా క్షీణిస్తుంది. బెర్నూలీ ఈ మొత్తాన్ని అనంత శ్రేణిగా విస్తరించి, అది అసలుకు రెండున్నర రెట్లకు మించి, మూడు రెట్లకు లోబడి ఉంటుందని తేల్చాడు. శ్రేణిలోని మొదటి మూడు పదాలే రెండున్నర. మిగిలినవాటిని గుణశ్రేఢితో పోల్చితే మూడు దాటదని స్పష్టమవుతుంది. వడ్డీవ్యాపారి అత్యాశకు సైతం గణితం ఒక హద్దు గీసిందన్నమాట! అయితే, ఈ హద్దుకు సంవర్గమానాలతో గల సంబంధాన్ని బెర్నూలీ ప్రస్తావించలేదు. అందువల్ల ఆధార సంఖ్యను కనుగొన్న ఘనతను పూర్తిగా ఆయనకే కట్టబెట్టడమూ అతిశయోక్తే.

అదే ఏడాది లైబ్నిజ్ హైగెన్స్‌కు రాసిన లేఖలో ఈ సంఖ్యను ‘బి’ అక్షరంతో సూచించాడు. 1731లో గోల్డ్‌బాక్‌కు రాసిన లేఖలో ఆయిలర్ ‘ఇ’ అక్షరాన్ని వాడాడు. అది ఆయన పేరులోని తొలి అక్షరమన్న ప్రచారానికి ఆధారం లేదు.

1748 నాటి తన గ్రంథంలో ఆయిలర్ సంవర్గమానాన్ని ఘాతానికి విలోమంగా నిర్వచించి, ఆధార సంఖ్యను ఇరవైమూడు దశాంశ స్థానాల వరకు, 2.71828182845904523536028గా ఇచ్చాడు. గమనార్హమైన విషయమేమంటే, ఆ గ్రంథం ఆరవ అధ్యాయంలోనే ఒక అప్పు లెక్క ఉంది: 5 శాతం వడ్డీకి 4,00,000 ఫ్లోరిన్లు తీసుకొని ఏటా 25,000 చొప్పున చెల్లించే వ్యక్తి రుణం సుమారు 33 ఏళ్లకు తీరుతుంది. అక్కడ ‘ఇ’ ప్రసక్తి లేదు. అది ఏడవ అధ్యాయంలో ప్రవేశిస్తుంది.