చొప్పతో నడవాల్సిన కార్లు

అమెరికాలో నేను కారులో పోయించుకునే పెట్రోల్లో దాదాపు పదోవంతు మొక్కజొన్న సారా. ఇథనాల్ అంటే అదేగా! ఇది 2005, 2007 చట్టాల పుణ్యం. ఆ రెండో చట్టంలో ఇంతకన్నా పెద్ద కల ఒకటుంది, ఇప్పుడెవరూ దాని ఊసెత్తరు.

2007 డిసెంబర్లో జార్జ్ బుష్ సంతకం పెట్టిన ఆ చట్టం ప్రకారం 2022 నాటికి ఏడాదికి 3,600 కోట్ల గ్యాలన్ల జీవ ఇంధనం వాడాలి. మొక్కజొన్న గింజల వాటా 1,500 కోట్లు దాటకూడదు. తిండిగింజల్ని ట్యాంకుల్లో పోస్తారా అన్న గొడవ అప్పటికే ఉంది మరి. 1,600 కోట్లు మాత్రం చొప్ప, గడ్డి, కట్టెపొట్టు లాంటివాటి నుంచి రావాలి. చిక్కేమిటంటే, అలా వ్యాపార స్థాయిలో తీసే ఫ్యాక్టరీ అప్పటికి దేశంలో ఒక్కటీ లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

గింజలో ఉండేది పిండి. ఎంజైము తగిలితే చక్కెరవుతుంది, ఈస్టు దాన్ని సారా చేస్తుంది. చొప్పలో ఉండే సెల్యులోజ్‌ని లిగ్నిన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ముందు ఆవిరితోనో ఆమ్లంతోనో ఆ పట్టు విడిపించాలి, ఆ తర్వాత ఖరీదైన ఎంజైములు వాడాలి. పైగా చొప్పతోపాటు మట్టి, రాళ్లు వచ్చి యంత్రాలు అరిగిపోతాయి. కోతల్లో ఒక్కసారే వచ్చే చొప్పను ఏడాది పొడుగునా తడవకుండా దాచాలి. వామి వేసిన మన రైతునెవరినడిగినా ఈ బాధ చెప్పేవాడు.

2010కి చట్టం అడిగింది 10 కోట్ల గ్యాలన్లు. పర్యావరణ సంస్థ ఈపీఏ దాన్ని 65 లక్షలకు దించింది. 2012లో మరీ విచిత్రం: తయారైంది సుమారు ఇరవై వేల గ్యాలన్లు, చమురు కంపెనీలకు ఇచ్చిన లక్ష్యం ఎనభై లక్షల పైచిలుకు. లేని ఇంధనం కొననందుకు డబ్బు కట్టమన్నమాట! అంచనా వేయాల్సిన చోట ఆశ పెట్టుకున్నారంటూ 2013 జనవరిలో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది.

2015లో అయోవా రాష్ట్రంలోని నెవాడా అనే ఊళ్లో డ్యూపాంట్ 3 కోట్ల గ్యాలన్ల ఫ్యాక్టరీ తెరిచింది. రెండేళ్లకే మూసేసింది.

గింజల ఇథనాల్‌కి ఈ గతి పట్టకపోవడానికి కారణం చట్టం గొప్పతనం కాదు. ఫ్యాక్టరీలు, రైతుల సహకార సంఘాలు అప్పటికే ఉన్నాయి. అంతవరకు పెట్రోల్లో కలిపే ఎంటీబీఈ భూగర్భజలాల్లోకి దిగుతోందని చాలా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. ఆ ఖాళీలోకి ఇథనాల్ వచ్చి కూర్చుంది. చట్టం నడుస్తున్న బండిని తోసింది, అంతే.

2022 ఆగస్టులో పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఏడాదికి 3 కోట్ల లీటర్లు తీసే ఇండియన్ ఆయిల్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. దాని వార్త కనబడితే సామర్థ్యం అంకె వదిలేసి, నిజంగా ఎన్ని లీటర్లు బయటికొచ్చాయో వెతుకుతున్నాను.