క్రోనోగ్రాఫ్ డయల్ రూపకల్పన

వేళ చూపుతూనే స్టాప్‌వాచ్‌గా కూడా పనిచేసే గడియారం క్రోనోగ్రాఫ్. ఒక బటన్ నొక్కితే మధ్యలో ఉన్న పొడవాటి సెకన్ల ముల్లు బయలుదేరుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. రెండో బటన్ దాన్ని సున్నా దగ్గరికి చేరుస్తుంది. గడిచిన నిమిషాలనూ గంటలనూ లెక్కపెట్టడానికి పెద్ద డయల్ లోపల చిన్న డయళ్లుంటాయి. మామూలు వాచీలో రెండు మూడు ముళ్లుంటే మూడు చిన్న డయళ్ల క్రోనోగ్రాఫ్‌లో ఆరుంటాయి. సుమారు 30 మిల్లీమీటర్ల వెడల్పున్న చోటులో వీటితోపాటు గంటల గుర్తులు, కొలత గీతలు, కంపెనీ పేరు, ఒక్కోసారి తేదీ కూడా పట్టాలి. ఇవన్నీ చదవడానికి తేలికగా ఉండాలి, లక్షలు పోసి కొనేవారికి వాచీ అందంగానూ కనిపించాలి. ఏది ముందు కంటపడాలో, ఏది వెతికితేనే దొరకాలో తేల్చుకున్న డయళ్లే ఈ రెండు పనుల్లోనూ నెగ్గాయి.

నికొలా రియుసెక్ 1821లో పారిస్ గుర్రపు పందేలలో వాడిన యంత్రం తిరిగే డయల్ మీద సిరా చుక్క పెట్టేది. క్రోనోగ్రాఫ్ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. ముల్లును ఒక్క దెబ్బకు సున్నాకు తెచ్చే హృదయాకారపు పళ్లెం మీద అడాల్ఫ్ నికోల్ 1844లో పేటెంట్ తీసుకున్నాడు. నేటి రెండు బటన్ల పద్ధతి 1934లో విల్లీ బ్రైట్లింగ్ చేతిలో కుదురుకుంది.

గీతల లెక్క

యంత్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటే సెకనుకు ఐదు దెబ్బలు. అంటే ఆ వాచీ సెకనులో ఐదో వంతు వరకే కొలవగలదు. అంచు చుట్టూ నిమిషానికి 300 గీతలు కావాలి. 30 మిల్లీమీటర్ల డయల్ చుట్టుకొలత 94 మిల్లీమీటర్లే కాబట్టి గీతకూ గీతకూ మధ్య మిగిలేది మిల్లీమీటరులో మూడో వంతు. గంటకు 28,800 దెబ్బల యంత్రానికి సెకనుకు ఎనిమిది భాగాలు, 1969లో వచ్చిన జెనిత్ ఎల్ ప్రిమెరోకు పది భాగాలు. ఎనిమిది దెబ్బల యంత్రం పైన ఐదు భాగాల గీతలు ముద్రించిన ఖరీదైన వాచీలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అలాంటి చోట గీతలు కొలతకు కావు, నగిషీకి.

కారెరా పాఠం

స్విట్జర్లాండ్ వాచీల కంపెనీ హ్యూయర్ వారసుడు జాక్ హ్యూయర్ 1958లో ఒక కారు ర్యాలీలో కాలం చూసే పని మీద వేసుకున్నాడు. డాష్‌బోర్డు మీదున్న తమ సొంత ఆటేవియా గడియారాన్ని ఒక నిమిషం తప్పుగా చదివాడు, గెలవాల్సిన పందెం పోయింది. వెంటనే ఆ మోడల్‌కు స్వస్తి చెప్పి, గంటల అంకె ఒక కిటికీలో కనిపించే మాంటీ కార్లో గడియారాన్ని తెచ్చాడు. 1963 నాటి కారెరా చేతి వాచీకి పునాది ఆ కోపమే అనుకోవచ్చు. అద్దాన్ని బిగించి నీరు చొరకుండా చూసే లోపలి ఉక్కు వలయం మీదికి ఐదో వంతు సెకన్ల గీతలను ఎక్కించడం అతని ఉపాయం. డయల్ ఒక్కసారిగా ఖాళీ అయింది, ఒక్క కొలత కూడా పోలేదు. చెరిపేయకుండా పక్కకు జరపడం అనే ఈ పద్ధతికి మించింది ఆ తర్వాతి అరవై ఏళ్లలో పెద్దగా రాలేదనే చెప్పాలి. అయితే అదే కారెరాకు వేగం కొలిచే టాకీమీటరు, నాడి, దశాంశ స్కేళ్లు ముద్రించిన రకాలు కూడా హ్యూయర్ కంపెనీ నుంచే వచ్చాయి. కొనేవాడికి ఖాళీ డయల్ ఎప్పుడూ చాలదు.

ఒమెగా స్పీడ్‌మాస్టర్ ఇదే పని 1957లో మరోలా చేసింది: టాకీమీటరు స్కేలును డయల్ మీంచి తీసి బయటి చట్రం మీద పెట్టింది. మొదటి నమూనాలో ఉన్న బాణపు ములుకుల ముళ్లు చూడముచ్చటగా ఉండేవి. తర్వాతి వాటిలో వచ్చిన సాదా తెల్ల ముళ్లు నల్ల డయల్ మీద ఇంకా త్వరగా కనిపించాయి. 1965 మార్చి 1న నాసా మానవసహిత అంతరిక్ష యాత్రలకు దీన్ని అర్హమైనదిగా ప్రకటించింది. దీనికి పూర్తిగా ఎదురు దారి 1952 నాటి బ్రైట్లింగ్ నావిటైమర్. ఇంధనం, దూరం లెక్కలు వేసుకునే వృత్తాకారపు స్లైడ్ రూలునే చేతికి కట్టింది. విమాన చోదకుడికి అది పనిముట్టు, మిగతావారికి అంకెల పుట్ట.

స్కేళ్లు: బళ్లారి ఉదాహరణలు

ఈ స్కేళ్లు ఎలా పనిచేస్తాయో తెలుగు, కన్నడం కలిసి వినిపించే బళ్లారి జిల్లాలో సులువుగా చూడవచ్చు. గుంతకల్లు వెళ్లే రైలు రెండు కిలోమీటరు రాళ్ల మధ్య దూరాన్ని 45 సెకన్లలో దాటితే ముల్లు టాకీమీటరు మీద 80 దగ్గర ఆగుతుంది, 3,600ను 45తో భాగిస్తే వచ్చేది అదే. సండూరు కొండల్లో ఇనుప ఖనిజం గని పేలుడు దుమ్ము లేవగానే బటన్ నొక్కి, చప్పుడు వినగానే ఆపితే టెలీమీటరు దూరం చెబుతుంది: ఆరు సెకన్లయితే సుమారు రెండు కిలోమీటర్లు. డాక్టరు ముప్పై నాడి దెబ్బలు లెక్కపెట్టేసరికి 25 సెకన్లు పడితే నాడి స్కేలు 72 చూపుతుంది. నేడు ఆసుపత్రిలో మానిటరు, చేతిలో ఫోను ఉన్నాయి. ఆ స్కేలు వాచీ మీద మిగిలింది ముచ్చట కోసమే.

బళ్లారి ఎండ ఇంకో పరీక్ష. అద్దంలా మెరిసే వెండి డయల్ మీద అంతే మెరుపున్న స్టీలు ముళ్లు పెడితే కొట్టు దీపాల కింద అవి తళుక్కుమంటాయి, మిట్టమధ్యాహ్నం మాయమవుతాయి. ముల్లు మధ్యలో గట్టు తీర్చి రెండు వాలు ముఖాలు చెక్కడం పాత విరుగుడు: ఒక ముఖం మెరిస్తే రెండోది చీకటిగా ఉండి ఆకారం తెలుస్తుంది. తెల్ల డయల్‌లో నల్ల చిన్న డయళ్లుంటే సంగ్రాహకులు పాండా అంటారు, రంగులు తారుమారైతే రివర్స్ పాండా. ఈ జోడీలో అందమూ స్పష్టతా ఒకే దెబ్బకు దొరుకుతాయి. చీకట్లో వెలగడానికి రేడియం, ఆపైన ట్రిటియం పూశారు. 1993లో జపాన్ కంపెనీ నెమోటో తెచ్చిన లూమినోవాలో రేడియోధార్మికత లేదు.

మన దేశంలో

బెంగళూరులో 1961లో సిటిజన్ సహకారంతో మొదలైన హెచ్.ఎం.టీ. ఫ్యాక్టరీకి పేరు తెచ్చినవి సాదా వాచీలు. నల్ల డయల్ మీద తెల్ల అంకెల పైలట్ మోడల్ ధరలో చవక, స్పష్టతలో ఏ స్విస్ వాచీకీ తీసిపోదు. ఇప్పుడు వాచీ కొట్లలో మూడు చిన్న డయళ్లతో దొరికేవాటిలో కొన్ని అసలు క్రోనోగ్రాఫులే కావు. ఆ డయళ్లు వారం, తేదీ, ఇరవై నాలుగు గంటల వేళ చూపుతాయి, స్టాప్‌వాచ్ ఉండదు.

విలాసపు లెక్కలు

రోలెక్స్ 1963లో తెచ్చిన డేటోనాలో చిత్రమైన అంకెలూ చదరపు గుర్తులూ ఉన్న డయళ్లను తొలినాళ్లలో కొనేవారు తక్కువ. నటుడు పాల్ న్యూమన్ ధరించిన అలాంటి వాచీ 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో సుమారు 1.78 కోట్ల డాలర్లకు పోయింది. డయల్‌కు ధర కట్టేది కన్ను ఒక్కటే కాదు. క్రమశిక్షణకు మంచి నమూనా 1999 నాటి లాంగే డాటోగ్రాఫ్: పైన పెద్ద తేదీ, మధ్య గీతకు దిగువన రెండు చిన్న డయళ్లు, మూడూ కలిసి త్రిభుజం. నాలుగున్నర దగ్గర తేదీ కిటికీ కోసి గుర్తుల వరుసను తెగ్గొట్టే వాచీలు దీని ముందు నిలవవు. చుట్టూ పళ్లచక్రాలు కనిపించేలా డయల్‌ను తవ్వేసిన అస్థిపంజరం రకాల్లో ముల్లు ఎక్కడుందో వెతుక్కోవాలి. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవారికి మరీ కష్టం.

నిమిషాల లెక్కనూ మధ్య ముల్లుకే అప్పగించిన లెమానియా 5100 యంత్రం 1970లలో వచ్చింది. చదవడం చాలా తేలిక, కానీ సైనిక వాచీలకే ఎక్కువగా పరిమితమైంది. అదే ఆలోచనను 2017లో విలాస రంగం అందుకుంది. సింగర్ రీఇమాజిన్డ్ ట్రాక్ 1లో స్టాప్‌వాచ్ గంటలు, నిమిషాలు, సెకన్లు మూడూ నడిమధ్యలో తిరుగుతాయి, మామూలు వేళను అంచున తిరిగే పళ్లేల మీద ఆరు దగ్గర చదువుకోవాలి.